రెండున్నర లక్షల్లో ఒక్కరు

2011 జనగణనలో తాము యూదులమని రాయించుకున్నవారు దేశం మొత్తం మీద ఐదు వేల లోపే. అప్పటి జనాభా 121 కోట్లు. ఆ లెక్కన రెండున్నర లక్షల మంది చదివే విశ్వవిద్యాలయం ఎక్కడైనా ఉంటే అందులో ఒక్క యూదు విద్యార్థి తేలాలి. ఢిల్లీలో వసంత్ కుంజ్‌ను ఆనుకుని ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో చదివేవారు పదివేల లోపే. అంకగణితం ప్రకారం అక్కడ యూదు విద్యార్థి ఉండే అవకాశం దాదాపు లేదు. కానీ యూదుల గురించి అంతగా మాట్లాడుకునే క్యాంపస్ దేశంలో ఇంకొకటి దొరకడం కష్టం. గాజా మీద ఊరేగింపులు, పశ్చిమాసియా అధ్యయన కేంద్రంలో పాఠాలు, గోడల మీద పోస్టర్లు, ధాబాల దగ్గర అర్ధరాత్రి దాటినా తెగని వాదనలు. ఇజ్రాయెల్ రాజ్యం మీద ప్రతి విద్యార్థి సంఘానికీ ఒక అభిప్రాయం ఉంది. యూదు సహపాఠి గురించి మాత్రం ఎవరికీ ఏ ఆలోచనా లేదు. లేనివాళ్ల గురించి ఆలోచనెందుకు అంటారు. లేరన్న ఆ నమ్మకం మీదే నాకు అనుమానం.

యూదు అనగానే మనకు గుర్తొచ్చేది హాలీవుడ్ సినిమాలోని ముఖం. లేదంటే 1568లో కట్టిన కొచ్చి పరదేశి ప్రార్థనా మందిరం, ఆ వీధిలో ఇంచుమించు ఖాళీ అయిపోయిన ఇళ్లు. కొంకణ్ తీరంలో నూనె గానుగలు ఆడిస్తూ, శనివారం గానుగ ఆపేసి 'శనివార్ తేలీ' అనిపించుకున్న బెనె ఇజ్రాయెలీల్లో అత్యధికులు 1948 తర్వాత ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. మణిపూర్, మిజోరంలలో కుకీ, మిజో తెగల నుంచి వచ్చిన బెనె మెనాషేలు ఇంకా ఉన్నారు. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) 2005లో వీళ్లను ఇజ్రాయెలీయుల వారసులుగా గుర్తించాడు. మిగిలిన దాదాపు 5,800 మందినీ 2030లోగా తీసుకుపోతామని 2025 నవంబరులో ఆ దేశ మంత్రివర్గం తీర్మానించింది. ఈ ఒక్క సమూహమే 5,800 అయితే దేశం మొత్తానికి ఐదు వేల లోపన్న జనగణన అంకె ఏ పాటిదో చూసుకోవచ్చు. మన దగ్గర యూదుల సంఖ్య ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి తేలదు, ఎంతమంది చెప్పుకోగలిగారన్నదాన్ని బట్టి తేలుతుంది.

చదువుకో ఉద్యోగానికో ఢిల్లీ చేరిన ఈశాన్య యువతలో చాలామంది అద్దెకుండేది జేఎన్‌యూ చుట్టుపక్కల మునిర్కా, కిషన్‌గఢ్ ఇరుకు సందుల్లోనే. కిషన్‌గఢ్ వసంత్ కుంజ్ ఫ్లాట్లకు పక్క ఊరే. అక్కడ ఒక కుకీ అబ్బాయి కనిపిస్తే ఇంటి యజమానికి ముందు అతని కళ్లు కనిపిస్తాయి, తర్వాత అతని వంట వాసన తెలుస్తుంది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం ఒక చిరుపుస్తకం వేసి, వెదురు చిగుళ్లు, పులియబెట్టిన సోయా లాంటి ఘాటు వంటకాలు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోమని హితవు చెప్పారు. శుక్రవారం పొద్దుగూకే వేళ దీపం వెలిగించి అతను ఏ దేవుణ్ని తలుచుకుంటున్నాడన్న ప్రశ్న దాకా ఎవరూ రారు. 2023 మే నుంచి మణిపూర్ మండినప్పుడు తగలబడినవాటిలో యూదు ప్రార్థనా మందిరాలు కూడా ఉన్నాయి. కుకీలుగా వాళ్ల కష్టం ఢిల్లీ వీధుల్లో నినాదమైంది. యూదులుగా మాత్రం కాలేదు.

చిన్న సమూహపు పిల్లలకు క్యాంపస్‌లో సామూహిక జీవితం ఎలా ఏర్పడుతుంది? అమెరికాలో మన పిల్లలు చదివే దాదాపు ప్రతి పెద్ద విశ్వవిద్యాలయంలో 'హిల్లెల్' పేరుతో యూదు విద్యార్థుల ఇల్లు ఒకటి కనిపిస్తుంది. శుక్రవారం రాత్రి భోజనానికి ఎవరైనా వెళ్లవచ్చు. దీని పుట్టుక 1923లో, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో. దానికి బీజం వేసినవారిలో ఒకరు చాన్సీ బాల్డ్విన్ అనే ఆచార్యుడు. ఆయన యూదుడు కాదు. బైబిలు సాహిత్యం చెబుతూ, తన తరగతిలోని యూదు పిల్లలకు తమ వారసత్వం బొత్తిగా తెలియదని గమనించి బాధపడ్డాడు. అది ఆదరణ కాలం కూడా కాదు. అంతకు ముందు ఏడాదే హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్, యూదు విద్యార్థులు 15 శాతం మించకూడదని ప్రతిపాదించాడు. గేటు దగ్గర లెక్కపెట్టి ఆపుతున్న రోజుల్లో లోపల కూర్చోవడానికి ఒక గది సంపాదించుకున్నారు. మొదలుపెట్టిన రబ్బీ బెంజమిన్ ఫ్రాంకెల్ చేతిలో డబ్బూ లేదు, భవనమూ లేదు.

జేఎన్‌యూలో హిల్లెల్ భవనం కట్టమని నేను అడగడం లేదు. అడిగితే నవ్వుతారు, నవ్వాలి కూడా. కానీ యూదు సంప్రదాయానికి ఉన్న రెండు విచిత్రమైన నియమాలు క్యాంపస్ లోపలే ఒక చోటు ఎందుకు అవసరమో బాగా తెలియజేస్తాయి. సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది మగవాళ్లు ఉండాలి. సబ్బాతు నాడు, అంటే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా, నిష్ఠగా పాటించేవారు వాహనం ఎక్కకూడదు. ఢిల్లీలో యూదుల ప్రార్థనా మందిరం ఒక్కటే, హుమాయూన్ రోడ్డులో 1956లో వెలసిన జుడా హయామ్ హాల్. వసంత్ కుంజ్ నుంచి అటూ ఇటూగా 15 కిలోమీటర్లు. పొద్దుగూకేలోగా బస్సులో చేరుకోవచ్చు, ప్రార్థన అయ్యాక హాస్టలుకు తిరిగి రావాలంటే నియమం తప్పాలి. లేదంటే చలికాలపు రాత్రి రిడ్జి అడవి మీదుగా నడవాలి. నగరంలోని యూదు కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి పదిమంది కూడడమే ఒక్కోసారి గగనం. అందుకే దశాబ్దాలుగా ఆ మందిరం చూసుకుంటున్న ఎజకీల్ ఐజాక్ మలేకర్ సంప్రదాయాన్ని కాస్త వంచి, ఆ పదిమందిలో ఆడవాళ్లనూ లెక్కిస్తానని బాహాటంగా చెబుతారు. ఆయన రబ్బీ కాదు, న్యాయవాది. సంఖ్య తక్కువైనచోట మతం ఉదారమవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తిండి సంగతి తేలికే. హాస్టల్ మెస్‌లో శాకాహారం తింటే కోషర్ అనే యూదు ఆహార నియమాల్లో చాలావరకు గండం గడుస్తుంది. మాంసాన్నీ పాలనూ కలపకూడదన్నది ప్రధాన నియమాల్లో ఒకటి కాబట్టి కోడికూర తిన్నాక పెరుగన్నం కుదరదు. తెలుగువాడికి ఇది మతాంతరం కన్నా పెద్ద త్యాగం. బెనె ఇజ్రాయెలీలు మాంసం కూరలో కొబ్బరిపాలు పోసి ఆ చిక్కు ఎప్పుడో తప్పించుకున్నారు. ద్రాక్షసారా దొరకని ఊళ్లలో ఎండుద్రాక్ష నానబెట్టిన రసంతో సబ్బాతు ఆరంభిస్తారు. ప్రవక్త ఏలీయా పేరున మొక్కు తీర్చుకుంటే అటుకుల్లో బెల్లం, కొబ్బరి కలిపి, పళ్లు చుట్టూ పేర్చి పంచుతారు. ఉత్తరాయణంలోనో కార్తీకంలోనో మన ఇళ్లలో ఆ పళ్లెం కనిపిస్తే ఎవరూ రెండోసారి చూడరు. పండుగల లెక్కా దగ్గరిదే. వాళ్లదీ చాంద్రమానమే, 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేసుకుంటారు. 2025లో వాళ్ల అతి పవిత్రమైన ఉపవాస దినం యోమ్ కిప్పూర్, మన విజయదశమి, గాంధీ జయంతి మూడూ అక్టోబరు 2నే పడ్డాయి. ఆ ఏడాది సెలవు దొరికింది. ప్రతి ఏడాదీ గాంధీ సాయపడడు.

మన తెలుగు విద్యార్థికి ఢిల్లీలో ఆంధ్రా భవన్ ఉంది. అక్కడికి వెళ్లేది పప్పు కోసమేనని అంటాడు గానీ, పక్క బల్ల మీద నుంచి చెవిన పడే గోదావరి యాసకో పాలమూరు మాటకో వెళతాడు. అలాంటి చోటు లేనివారికి చదువు సాగుతుంది, డిగ్రీ వస్తుంది, కానీ తానెవరో ఎవరితోనూ పంచుకోకుండానే ఐదేళ్లు గడిచిపోతాయి.

ఇంతవరకు ఇది మర్యాదకు, సౌకర్యానికి సంబంధించిన ముచ్చట. అసలు చిక్కు గుంటూరు జిల్లాలో ఉంది.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే సమూహం ఉంది. సుమారు 40 కుటుంబాలు. మాదిగలు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో, తాము ఇజ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి అని ప్రకటించుకుని, 1990ల మొదట్లో ఊళ్లో సొంత ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. హీబ్రూ నేర్చుకుంటారు, సబ్బాతు పాటించాలనుకుంటారు. కూలికి పోయే ఇంట్లో శనివారం విశ్రాంతి అంటే ఒక రోజు కూలి పోవడమే. వీరి మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ 2013లో ప్రచురించింది. బెనె మెనాషేలకు దక్కిన గుర్తింపు వీరికి దక్కలేదు. గోత్రం మాటకు చారిత్రక ఆధారం చూపమంటే చూపలేరు. అయితే తరతరాలుగా ఊరి బయట నిలబెట్టిన కులం, ఊరికంటే పాతదైన చరిత్ర ఒకటి తనకుందని చెప్పుకోవడం వెనుక ఉన్న ఆకలి అర్థం కానిదేమీ కాదు.

ఈ ఊరి అమ్మాయి ఒకతె బాగా చదివి జేఎన్‌యూకు దరఖాస్తు పెట్టిందనుకుందాం. మైనారిటీ అవునా అని అడిగిన చోట కేంద్రం గుర్తించినవి ఆరే మతాలు: ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్శీ, 2014 నుంచి జైన. యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ మేరకు హోదా ఇచ్చుకున్నాయి గానీ కేంద్ర విశ్వవిద్యాలయంలో అది చెల్లదు. మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022లో ఆగిపోయినప్పుడు క్యాంపస్‌లు నిరసించాయి. యూదు పరిశోధకురాలికి ఆ బాధ కూడా లేదు, ఆమెకు అది ఏనాడూ వర్తించలేదు.

సరే, ఎస్సీ అని రాద్దామంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొస్తుంది. ఎస్సీ హోదా మొదట దాదాపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఇంకే మతం చెప్పినా హోదా పోతుంది. మతం మారిననాటి నుంచే పోతుందని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో మళ్లీ తేల్చి చెప్పింది. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో బీసీ-సీ అనే చిన్న ఆసరా ఉంది. యూదు మతంలోకి వెళ్లిన మాదిగకు అదీ లేదు, ఎందుకంటే ఆ జాబితా రాసినవారి ఊహలో అలాంటి మనిషి లేడు. దశాబ్దాల పోరాటం తర్వాత 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ అమలు చేసి మాదిగలకు ప్రత్యేక వాటా ఇచ్చాయి. ఆ వాటా రాష్ట్ర సంస్థల్లోనే చెల్లుతుంది. అక్కడైనా, జేఎన్‌యూ ఎస్సీ కోటాలోనైనా సీటు కావాలంటే ఈ అమ్మాయి తాను హిందువునని రాయాలి. రాస్తుంది కూడా. మన ఊళ్లలో ఆదివారం చర్చికి పోయే ఎన్ని ఇళ్లలో ధ్రువపత్రం మీద హిందూ అని ఉంటుందో తహసీల్దారుకు తెలియనిది కాదు.

అలా రాసిన మరుక్షణం ఆమె క్యాంపస్ జీవితం ఖరారైపోతుంది. దళిత విద్యార్థి సంఘంలో ఆమెకు చోటుంది, ఆత్మీయంగా పిలుస్తారు. శుక్రవారం రాత్రి గదిలో దీపం పెట్టుకోవడం మాత్రం ఇతరుల కంట పడకూడని పనవుతుంది, ఎందుకంటే చూసినవాళ్లలో ఒక్కరు ఫిర్యాదు చేస్తే సీటు చిక్కుల్లో పడుతుంది. ఈ దేశంలో యూదు విద్యార్థుల సామూహిక జీవితం లేకపోవడానికి కారణం సంఖ్య ఒక్కటే అనేవాళ్లు ఈ కోణం చూడలేదు. కొత్తరెడ్డిపాలెం నుంచి పదిమంది వచ్చినా, ఆ పదిమంది బాహాటంగా ఒకచోట కూడే వీలు లేదు.

40 కుటుంబాల కోసం రాజ్యాంగ ఉత్తర్వు తిరగరాయాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మతం మారిన దళితుల హోదా మీద మన చర్చ ఎప్పుడూ భయాల మధ్యే నడుస్తుంది: విదేశీ సొమ్ము, ఓటు బ్యాంకు, ఉన్న వాటా పలచబడుతుందన్న ఆందోళన. ఈ చివరి ఆందోళన ఉత్తది కాదు, మాల మాదిగ పేటల్లోనే అది బలంగా ఉంది. ఈ 40 కుటుంబాల విషయంలో ఆ భయాలేవీ నిలవవు. వీళ్ల వల్ల ఎవరి వాటా తగ్గదు, ఏ నియోజకవర్గ ఫలితం మారదు. మిగిలేది ఒక్క ప్రశ్న: దేవుడు మారినంత మాత్రాన చేబ్రోలులో ఆమె తండ్రిని పిలిచే తీరు మారిందా? మారలేదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. గోత్రం మాట నిజమో కాదో తేల్చడం కూడా విశ్వవిద్యాలయం పని కాదు. మిగతా ఏ విద్యార్థి విశ్వాసానికీ అది రుజువు అడగదు.

యూదు విద్యార్థుల రాజకీయాల మీద మనకున్న అపోహ కూడా వాళ్లను కలవకపోవడం వల్లే నిలిచి ఉంది. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో గాజా కోసం వేసిన గుడారాల మధ్యే కొందరు యూదు విద్యార్థులు పస్కా విందు జరుపుకున్నారు. అదే క్యాంపస్‌లో మరికొందరు యూదు విద్యార్థులు ఆ గుడారాలంటే భయమేస్తోందని చెప్పారు. ఇద్దరి మాటా నిజమే. ఒక యూదు అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంటే, జేఎన్‌యూ ధాబా దగ్గర పాలస్తీనా గురించి అంతే గట్టిగా మాట్లాడవచ్చు. కాకపోతే 'యూదులు' అనే చోట 'ఇజ్రాయెల్ ప్రభుత్వం' అనాల్సి వస్తుంది. అది వాదనను బలహీనపరచదు. అటువైపు, ఇజ్రాయెల్‌ను ఆకాశానికెత్తే సంఘాలు కూడా గుంటూరు మాదిగ యూదురాలి ధ్రువపత్రం గురించి ఒక్క కరపత్రం వేయగలవేమో చూడాలి.

విశ్వవిద్యాలయం తన చేతిలో ఉన్నది చేయడానికి ఏ ఉత్తర్వూ అడ్డు లేదు. శనివారం పరీక్ష పడినప్పుడు ముందుగా రాసిచ్చిన వారికి మరో రోజు ఇవ్వవచ్చు. మతం గడిలో 'ఇతరులు' తీసేసి ఎవరికి వారు రాసుకునే గీత పెట్టవచ్చు, ఆ సమాచారం అడ్మిషన్ విభాగం కంటపడకుండా విడిగా ఉంచవచ్చు. శుక్రవారం సాయంత్రం ఖాళీగా ఉండే సెమినార్ గది ఒకటి అడిగినవారికి ఇవ్వవచ్చు. ఖర్చు లేని పనులివి.

ఖర్చున్న పని ఢిల్లీలో మరోచోట పెండింగులో పడింది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలా వద్దా అని పరిశీలించేందుకు 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో కమిషన్ వేసింది. దాని గడువు రెండేళ్లు, తర్వాత పొడిగించారు. చర్చంతా క్రైస్తవులు, ముస్లింల చుట్టూనే తిరిగింది. కమిషన్‌కు అప్పగించిన పనిలో మాత్రం ఏ మతం పేరూ లేదు. ఉత్తర్వులో చెప్పిన మతాలు కాక మరే మతంలోకి వెళ్లినవారైనా అనే ఉంది. ఆ మాట ప్రకారం కొత్తరెడ్డిపాలెం కూడా దాని పరిధిలోదే. నివేదికలో వారికి ఒక పేరా అయినా ఉండాలని అడగాల్సింది గుంటూరు ప్రజాప్రతినిధులు.