ఏడో నెలలో తప్పిపోతున్న చక్కెర పరీక్ష

పుట్టింటికి, మెట్టింటికి మధ్య గర్భిణుల అవస్థ

అమలాపురం: కోనసీమ పల్లెల్లో ఆడపిల్ల కడుపుతో వుందంటే పండుగే. సూడిదలు, గాజులు, పుట్టింటి నుంచి కావిళ్ల కొద్దీ సారె వస్తాయి. ఆ సారెలో సున్నుండలు, అరిసెలు, ఆత్రేయపురం పూతరేకులు, కడుపు చలవ కోసమని చలిమిడి తప్పక వుంటాయి. ఈ వేడుక సాధారణంగా అయిదో నెలలోనో, ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో జరుగుతుంది. ఆ వెంటనే అమ్మాయిని తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోతారు. ఇది తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే గర్భిణికి రక్తంలో చక్కెర పరీక్ష చేయవలసిన ముఖ్యమైన రోజులు కూడా సరిగ్గా ఇవే. ఈ హడావుడిలో ఆ పరీక్ష కాస్తా జారిపోవడం శోచనీయం.

ఎలా వస్తుంది?

పెళ్లికి ముందు ఏ జబ్బూ ఎరుగని స్త్రీకి గర్భం దాల్చాక రక్తంలో చక్కెర పెరగడాన్ని గర్భకాల మధుమేహం అంటారు. ఇది ఆమె తిండిపోతుతనం వల్ల వచ్చింది కాదు, పుట్టింటి వారు అంటగట్టిందీ కాదు. కడుపులో బిడ్డను పోషించే మాయ నుంచి కొన్ని రసాయనాలు తల్లి రక్తంలో కలుస్తాయి. బిడ్డకు చాలినంత ఆహారం అందాలని అవి తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఆరోగ్యవంతురాలైన తల్లి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి ఆ లోటును పూడ్చుకుంటుంది. పూడ్చుకోలేని తల్లికి చక్కెర పెరుగుతుంది. నెలలు నిండేకొద్దీ మాయ పెద్దదవుతుంది గనుక ఈ ఇబ్బంది ఆరో నెల దాటాక బయటపడుతుంది.

ఇంట్లో మధుమేహం వున్నవారికి, బరువు ఎక్కువగా వున్నవారికి, వయసు మీరి గర్భం దాల్చిన వారికి, వెనుకటి కాన్పులో నాలుగు కిలోల బిడ్డను కన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అయితే ఈ కారణాలు ఒక్కటీ లేని వారికి కూడా వస్తోంది. పైకి ఏ లక్షణమూ కనిపించదు. నీరసం, అతి దాహం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలు గర్భిణులకూ వుండేవే కదా! అందువల్ల పరీక్ష తప్ప దీనిని కనిపెట్టే దారి వేరే లేదు. భారతీయ స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువని వైద్యులు గుర్తించారు. అందుకే గర్భిణులందరికీ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2018లో వాటిని సవరించింది.

లావు బిడ్డ బలమైన బిడ్డ కాదు

బిడ్డ నాలుగు కిలోలు తూగితే ఇల్లంతా సంబరపడుతుంది. "తల్లి బాగా తిన్నది, బిడ్డ బొద్దుగా పుట్టాడు" అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు మెచ్చుకుంటారు. కాని ఆ లావు ఒక్కోసారి చక్కెర చేసిన పని. తల్లి రక్తంలోని చక్కెర మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. వచ్చిపడిన చక్కెరను తట్టుకునేందుకు బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ ఊరిస్తుంది. దానితో బిడ్డ ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. తొమ్మిది దేశాలలో సుమారు 25 వేల మంది గర్భిణులను పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనం కూడా ఈ సంగతినే రుజువు చేసింది. తల్లి రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ లావు కావడం, ఆపరేషను అవసరం కావడం పెరుగుతున్నట్లు తేల్చింది.

లావైన బిడ్డకు కాన్పులో తల బయటపడినా భుజం ఇరుక్కుపోయే ప్రమాదం వుంది. తల్లికి రక్తపోటు పెరగవచ్చు, ఉమ్మనీరు ఎక్కువ కావచ్చు, నెలలు నిండక ముందే నొప్పులు రావచ్చు. చక్కెర అదుపు తప్పితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదమూ లేకపోలేదు. పుట్టిన బిడ్డకు మరో గండం వుంది. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే వుంటుంది. దానితో బిడ్డ రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇందుకు మొదటి మందు తల్లిపాలే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. ఇటువంటి బిడ్డల విషయంలో అది మరింత ప్రమాదకరం.

పరీక్ష సులువే, తప్పుతున్నది ఎందుకు?

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. 75 గ్రాముల గ్లూకోజును 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి గర్భిణి చేత తాగిస్తారు. రెండు గంటల తరువాత రక్తం పరీక్షిస్తారు. 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని వుంటే గర్భకాల మధుమేహం వున్నట్లే. పరగడుపున రావలసిన పని లేదు. అన్నం తిని వచ్చినా చేయవచ్చు. తాగిన అరగంటలోపు వాంతి అయితే మాత్రం మరునాడు మళ్లీ చేయించుకోవాలి. గర్భం అని తెలిసి మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి పరీక్ష జరగాలి. అంటే రెండోది ఆరో నెల నిండే రోజుల్లో, ఏడో నెలలో వస్తుంది.

చిక్కు ఇక్కడే వుంది. మెట్టింటి వూళ్లో పేరు నమోదైన గర్భిణి ఏడో నెలలో పుట్టింటికి పోతుంది. "పుట్టింటి దగ్గర చేయించుకుంటుందిలే" అని ఇక్కడి ఆశా కార్యకర్త అనుకుంటుంది. "అత్తవారింటి దగ్గర అయ్యే వుంటుంది" అని అక్కడి కార్యకర్త అనుకుంటుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఏ బీరువాలోనో వుండిపోతుంది. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నారు గనుక రెండోది అక్కరలేదని ఇంట్లో వారు భావిస్తారు. మొదటిసారి బాగున్నంత మాత్రాన రెండోసారి బాగుంటుందన్న భరోసా లేదు.

రెండు గంటల నిరీక్షణ మరో అవరోధం. లంక గ్రామాల నుంచి రేవు దాటి, ఆటో ఎక్కి వచ్చిన గర్భిణికి కూర్చునే చోటు కావాలి, తాగే నీరు కావాలి, మరుగుదొడ్డి కావాలి. ఇవి లేనిచోట గ్లూకోజు నీళ్లు తాగి, "పొద్దుపోతోంది, పడవ దొరకదు" అంటూ మధ్యలోనే లేచిపోతారు. అందులో వారి తప్పు లేదు. 2022 జూలై వరదల్లో లంకలు రోజుల తరబడి నీటి మధ్య చిక్కుకున్నాయి. గోదావరి పోటెత్తే రోజుల్లో ఏడో నెల వచ్చే గర్భిణులకు ముందుగానే పరీక్ష ఏర్పాటు చేయడం అవసరం.

అన్నం మానడం కాదు

చక్కెర వుందని తేలగానే కొందరు బెంగతో అన్నం మానేస్తారు. మరికొందరు "ఇద్దరి కోసం తినాలి" అన్న పెద్దల మాట విని మునుపటిలాగే తింటారు. రెండూ తగవు. పస్తు వుంటే తల్లికీ బిడ్డకూ చేటు. కార్తీక మాసపు ఒక్కపొద్దులు, ఇతర ఉపవాసాలు ఈ సమయంలో మానుకోవడం మంచిది. మూడు పూటలా మితంగా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి అన్నది వైద్యులు చెప్పే పద్ధతి.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు వుండాలి. బీర, సొర, దొండ, వంగ, తోటకూర, గోంగూర మన పెరళ్లలో దొరికేవే. పప్పు, గుడ్డు, చేప, మజ్జిగ బలాన్నిస్తాయి, చక్కెరను ఒక్కసారిగా పెంచవు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు గర్భిణే తినాలి, ఇంటిల్లిపాదికీ పంచరాదు. అన్నం కొలత తగ్గించాలి. దంపుడు బియ్యమైతే మేలు. రాగి జావ మంచిదే గాని, మంచిదని చెంబుల కొద్దీ తాగితే అది కూడా చక్కెరను పెంచుతుంది. చక్కెరకేళి గెల ఇంట్లో వుంటే ఒక చిన్న పండుతో సరిపెట్టుకోవాలి. మామిడి ఒక ముక్కకు మించరాదు. బెల్లం మంచిది, పంచదారే చెడ్డది అనుకోవడం పొరపాటు. చక్కెర విషయంలో రెండూ ఒక్కటే. సూడిదల పళ్లేన్ని అక్షింతలతో, పూలతో, గాజులతో నింపినా వేడుక తగ్గదు. చలిమిడి ఆనవాయితీకి నోట్లో చిటికెడు పెడితే చాలదా?

వైద్యులు వద్దనని పక్షంలో రోజూ అరగంట నడవాలి. ఒంటి పనీ ఇంటి పనీ మాన్పించి మంచం మీద కూర్చోబెట్టడం ప్రేమ అనిపించుకోదు.

సూది అంటే భయం

రెండు వారాలు ఇలా ఆహారం మార్చాక మళ్లీ పరీక్షిస్తారు. భోజనమైన రెండు గంటలకు 120 లోపు వుంటే అదే పద్ధతి కొనసాగించాలి. చాలామందికి దీనితోనే అదుపులోకి వస్తుంది. రాకుంటే వైద్యులు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని ఇస్తారు. సూది పేరు వినగానే "ఇక జీవితాంతం పొడుచుకోవలసిందేనా?" అని అమ్మాయి కన్నవారు భయపడడం కద్దు. కాన్పు కాగానే ఎక్కువ మందికి ఈ సూది అవసరం తీరిపోతుంది. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకు చేరదు గనుక బిడ్డకు హాని లేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడిపిన మట్టికుండలో చల్లగా దాచుకోవచ్చు. సూది వేసుకునేవారికి చెమటలు పట్టి, చేతులు వణికితే చక్కెర పడిపోయిందని గుర్తు. వెంటనే గ్లాసు నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజు గాని, పంచదార గాని కలిపి తాగించాలి. బిడ్డ కదలిక తగ్గినట్లు తోస్తే తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాన్పు తప్పనిసరిగా ఆసుపత్రిలోనే జరగాలి.

కాన్పుతో కథ ముగియదు

కాన్పు అయ్యాక చక్కెర మామూలుకు రావడంతో అందరూ ఈ సంగతి మరచిపోతారు. కాని ఇటువంటి తల్లులకు తరువాతి కాలంలో అసలు మధుమేహం వచ్చే అవకాశం ఇతరుల కంటే ఏడు రెట్లు ఎక్కువని 2009లో వెలువడిన పరిశీలన తెలిపింది. బిడ్డకు కూడా పెద్దయ్యాక ఈ ముప్పు వుంటుంది. అందువల్ల కాన్పు అయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. ఆ తరువాత ఏడాదికి ఒకసారి చూపించుకోవాలి. బాలింత ఆ ఆరు వారాలకు పుట్టింటిలోనే వుంటుంది. బిడ్డకు నెలన్నర టీకా వేయించేదీ అప్పుడే. టీకాకు వచ్చిన తల్లికి అదే రోజున పరీక్ష చేస్తే ఒక్క ప్రయాణంలో రెండు పనులూ తీరుతాయి.

చేయవలసింది ఏమిటి?

సౌకర్యాలు బొత్తిగా లేవని చెప్పడానికి వీల్లేదు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషను కూడా ఉచితం. ఉన్నదాన్ని గర్భిణి దాకా చేర్చడమే మిగిలిన పని.

గర్భిణి వూరు మారినప్పుడు ఇక్కడి ఆరోగ్య కార్యకర్త అక్కడి కార్యకర్తకు ఫోనులో చెప్పే పద్ధతి విధిగా అమలు కావాలి. రెండో పరీక్ష తేదీ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. పరీక్షకు వచ్చినవారు రెండు గంటలు కూర్చునేందుకు నీడ, నీరు కల్పించాలి. లంక గ్రామాలకు గ్లూకోజు పొట్లాలతో సిబ్బందే వెళ్లేలా వైద్యాధికారులు ఏర్పాటు చేస్తే మరీ మంచిది.

ఇంటి పెద్దలు చేయవలసింది కూడా వుంది. చక్కెర వుందని తెలిస్తే వియ్యాలవారు చిన్నచూపు చూస్తారని ఈ సంగతిని దాచే కుటుంబాలు వున్నాయి. దాచిన జబ్బు బిడ్డ ప్రాణం మీదకు తెస్తుంది. అత్తగారు కోడలిని సాగనంపేటప్పుడు పసుపు కుంకుమలతోపాటు ఆ కార్డును కూడా సంచిలో పెట్టాలి. తల్లి కూతురిని గుమ్మంలోకి తీసుకోగానే, పరీక్ష అయిందా లేదా అని ముందు అడగాలి.