పెద్దల మనోవ్యాధి - పరీక్షించు భాష

పడమటి దేశములలో ముసలివారు ఒంటరివారై మనోవ్యాధిపాలగుదురనియు, మన యిండ్లలో కొడుకులు, కోడండ్రు, మనుమలు ఉందురు గనుక ఆ బెడద లేదనియు మన సభలలో తరచుగా చెప్పుచుందురు. వినుటకు ఇంపైన మాటయే గాని లెక్కలు దీనిని బలపరచుట లేదు. 2017-18లో దేశమంతట జరిగిన వృద్ధుల సర్వేలో, 60 ఏండ్లు దాటినవారిలో తమకు దిగులు వ్యాధి కలదని వైద్యుడు చెప్పెనన్నవారు నూటికి 0.8 మంది. ప్రశ్నలడిగి చూడగా 8.3 మందిలో దాని లక్షణములు కనబడినవి. అనగా మన యిండ్లలో వ్యాధి లేకపోలేదు. దానికి పేరు పెట్టినవారు లేరు. మనుమరాలి పెండ్లికి అడ్డువచ్చునని దాచిన యిండ్లును మనకు తెలియనివి కావు. జపానులో మతిమరుపు వ్యాధికున్న అవమానకరమైన పాత పేరును 2004లో ప్రభుత్వమే మార్చినది. మనమింకను 'చాదస్తము' అని నవ్వుచున్నాము.

చెన్నపట్టణపు తెలుగువారికి మరియొక చిక్కు గలదు. ఈ వ్యాధిని కనుగొను పరీక్ష ముఖ్యముగా మాటలతో జరుగునది. నేడేవారము, ఇదేయూరు, చెప్పిన మూడు మాటలు మరల చెప్పుమందురు. షావుకారుపేటలో వ్యాపారము చేసి ముసలియైన మనవానికి తమిళము బేరమునకు చాలినంత వచ్చును, ఇంట తెలుగే. మతి తప్పుకొలది, పిమ్మట నేర్చిన భాష ముందుగా జారిపోవుట కలదు. అట్టివానిని తమిళమున ప్రశ్నించినచో తప్పు మతిదో భాషదో ఎట్లు తేలును? వ్యాధి లేనివానికి అంటగట్టవచ్చును. ఉన్నవానిని భాష రానివాడని పంపివేయవచ్చును. కొడుకు దుబాసిగా నిలిచిన లాభము లేదు. తండ్రి తడబాటును సవరించి చెప్పుటయే వాని ధర్మమనుకొనును!

తెలుగున పరీక్షించుట అసాధ్యము కాదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. రెండు భాషలు తెలిసినవారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినదట, చదువురానివారిలోను అట్లే. ఇతర దేశముల పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదు గాని, రెండు భాషలతో బ్రతుకు మనకిది కొంత ఊరట. ఆలస్యమగుట వేరు, రాకుండుట వేరు. ఆస్ట్రేలియాలో వలస వచ్చిన వృద్ధుల కొరకు, ఏ భాషలోనికైనను మార్చుకొనదగిన పరీక్షను 2004లోనే సిద్ధపరచిరి. మనము వలసవారమును కాము, తరతరములుగా ఇచ్చటివారము.

గిండీలో 2024లో తెరచిన జాతీయ వృద్ధుల వైద్య కేంద్రమునందును, కీల్పాక్కము మానసిక వైద్యాలయమునందును తెలుగెరిగిన పరీక్షకుడు వారమునకు రెండు పూటలైన ఉండవలెనని సంఘము అర్జీ పెట్టుట న్యాయము. అంతవరకు పదవీ విరమణ చేసిన మన తెలుగు ఉపాధ్యాయులు దుబాసీలుగా పోవచ్చును. ప్రభుత్వపు 14416 టెలిఫోను సేవలో తెలుగును కలదు, ఖర్చు లేదు. ఇష్టమున్న ఉపాధ్యాయులు కార్యవర్గ సమావేశమునకు ముందే సంఘ కార్యాలయమున పేరిచ్చినచో అర్జీతోపాటు ఆ జాబితాను కూడ జతపరుపవచ్చును.