మన లెక్క మనమే తేల్చాలి



బీఎస్సీ అయిపోగానే ఇంట్లో ఏమంటారు? “ఇంక చాలు, బీఈడీ చేసి టీచర్ పోస్టు చూసుకో” అంటారు. టీచర్ పని గొప్పదే. కానీ ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. ఆ ఒక్క దారినే నమ్ముకుంటే ఎలా? ఎమ్మెస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వైపు కూడా చూడండి.

ఎందుకంటారా? చిన్న లెక్క చెప్తా. మైదానంలో 90 మంది పిల్లల్లో 9 మందికి, మన గూడెంలో 10 మందిలో 6 గురికి రక్తహీనత ఉందనుకుందాం. అందరినీ కలిపితే 100కి 15. రిపోర్టులో 15 శాతమనే రాస్తారు. మన 60 శాతం ఏమైంది? సగటు కింద పూడిపోయింది! అబద్ధం ఎవరూ చెప్పలేదు, కానీ మన గోస కనబడకుండా పోయింది.

నిర్వాసితుల జాబితాలైనా, అటవీ హక్కుల చట్టం కింద తిరస్కరించిన క్లెయిములైనా ఇంతే. “విడదీసి చూపించండి” అని అడగాలంటే ఆ విద్య మన చేతిలో ఉండాలి.

ఐఐటీల్లో చేరాలంటే జామ్ రాయండి, అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కి వేరే పేపరుంది. తెలంగాణ యూనివర్సిటీలకైతే సీపీగెట్ ఉంది. ఇంగ్లీషు పుస్తకమంటే భయమా? మొదట్లో అందరికీ అంతే. సూత్రం మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

ఇన్నాళ్లూ మనల్ని వేరేవాళ్లు లెక్కపెట్టారు. ఇక ఆ లెక్క సరిచూసేవాళ్లు మనలోంచే రావాలి. ఈ ఏడు మీ ఊరి నుంచి ఎవరు అప్లై చేస్తున్నారు?