మేనత్త అడిగిన ఫోను

పోయిన వారం మా మేనత్తకు ఫోను కొందామని మహారాష్ట్రలోని దెగ్లూర్ బజారులో ఒక పూటంతా తిరిగాను. ఆమెకు డెబ్బై దాటాయి. ఊళ్లో నాలుగెకరాల చేను, అందులో సోయాబీను, కంది. కొడుకుల్లో ఒకడు హైదరాబాదులో, ఒకడు నాందేడ్‌లో. పాత మీటల ఫోనులో బ్యాటరీ ఉబ్బిపోయింది. దుకాణదారు మరాఠీలో ‘ఆజీ’ (అవ్వా) అని మర్యాదగా కూర్చోబెట్టి, కెమెరా బాగుంటుందని ఒకటి, గేములకు మంచిదని ఇంకొకటి, కిస్తీల మీద ఇస్తానని మూడోది చూపించాడు. అత్త మూడింటినీ అరచేతిలో బరువు చూసి పక్కన పెట్టింది.

“నాకు బొమ్మలొద్దు బిడ్డా. కొడుకు గొంతు సాఫ్‌గ ఇనబడాలె. రెండు దినాలు చార్జింగ్ నిలవాలె. కింద పడ్డా పలగొద్దు. చీకట్ల తొవ్వ చూసుకోను బత్తి ఉండాలె. ఖరాబైతే ఈడనే బాగు చేయించుకోవాలె. గసొంటిది ఉంటే జర ఎక్కువనే ఇస్త.”

జనం ఫోను నుంచి ఏం కోరుతున్నారో, దేనికి డబ్బు పెడతారో తెలుసుకోవాలంటే ఈ ఆరు మాటలు చాలు. చేను బావి మోటారుకు కరెంటు చాలాసార్లు రాత్రిపూటే వస్తుంది. పామో తేలో ఉండే గట్టు మీద నడిచే మనిషికి చేతిలో వెలుగు కావాలి. ఊళ్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, కాబట్టి చార్జింగ్ నిలవాలి. ఒక్క కోరికా గొంతెమ్మ కోరిక కాదు.

ఈ కోరికలు తీర్చిన ఫోను ఒకప్పుడు ఉండేది. 2003లో వచ్చిన నోకియా 1100కు తలమీద టార్చి, దుమ్ము చొరబడని మీటలు, చేతిలోంచి జారని అంచులు. ప్రపంచం మొత్తమ్మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పల్లెటూరి మనిషికి ఏం కావాలో కనిపెట్టి చేసిన వస్తువును జనం ఎగబడి కొన్నారు. మా ఇళ్లల్లో దాని బ్యాటరీని గోటితో ఊడదీసి కొత్తది వేసుకునేవాళ్లం. ఇప్పటి చాలా స్మార్ట్ ఫోన్లలో బ్యాటరీని జిగురు పెట్టి లోపల అతికించేశారు. వాడేవాళ్లే విప్పి మార్చుకునేలా బ్యాటరీ ఉండాలని యూరప్ సమాఖ్య 2023లో చట్టం చేసింది. కొన్ని మినహాయింపులున్నా, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అది అమలు కావాలి. అక్కడి వినియోగదారుకు దక్కిన హక్కు దెగ్లూర్ రైతుకు ఎందుకు దక్కకూడదు?

ఫోను సంగతి సరే. నాకు ఎక్కువ కోపం రీచార్జిలో ఇరవై ఎనిమిది రోజుల నెల మీద. ఇది ఏ పంచాంగంలో ఉంది? జీతం ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. పింఛను పన్నెండుసార్లు. ఇంటి కిరాయి పన్నెండుసార్లు కడతాం. రీచార్జి మాత్రం పదమూడుసార్లు. కనీసం ఒక ప్లాను ముప్ఫై రోజులకు, ఒకటి ప్రతినెలా అదే తేదీకి ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఆదేశించింది. అయినా మేం తిరిగిన దుకాణాల గోడల మీద పెద్దక్షరాల్లో కనబడింది 28 రోజులే. పదమూడో రీచార్జి అంటే, నా లెక్కలో, లెక్క చూసుకోలేని మనిషి జేబులోంచి తీసుకున్న సొమ్ము.

అసలు ఫోను మోగడానికి మనం డబ్బు కట్టడమేమిటి? 2003 మే నుంచి వచ్చే కాల్‌కు చార్జీ లేదని చెప్పిన దేశమిది. 2018 చివర్లో, వచ్చే కాల్ నిలవాలన్నా కట్టాల్సిందేనని కంపెనీలు 35 రూపాయల కనీస రీచార్జి తెచ్చాయి. 2024 జూలై నాటికి ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాను 199 రూపాయలైంది. పదమూడుసార్లకు 2,587. మా అత్త లాంటివాళ్లు ముట్టని డేటా ఖరీదు అందులోనే కలిసి ఉంది. చివరికి 2024 డిసెంబరులో ట్రాయ్ కదిలింది. మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు ఇవ్వాలంది. పాత రకం ఫోన్లు వాడేవాళ్లు ఇంకా దాదాపు 15 కోట్ల మంది ఉన్నారని కారణం చెప్పింది. నెల తిరిగేసరికి అవి వచ్చాయి, ఏడాదికి 1,849 రూపాయలకు ఒకటి. అది కూడా తక్కువేమీ కాదు, కానీ ఉంది. ఉన్నదని మా అత్తకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నేను పేరు పెట్టి అడిగాకే బయటికి తీశారు.

సరిహద్దులో ఉన్నవాళ్లం మాటకు అదనంగా కట్టే ఈ బాధ ముందునుంచీ పడుతున్నాం. 1956 దాకా మేమూ, ఇప్పుడు తెలంగాణలో ఉన్న మద్నూరూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. గీత గీశాక మేం ఇటు, వాళ్లు అటు. పెళ్లిళ్లు, పొత్తులు, బేరాలు మాత్రం గీత దాటుతూనే ఉన్నాయి. అయినా పక్క మండలంలోని చెల్లెలికి ఫోను చేస్తే ఎస్టీడీ అయ్యేది. చేను గట్టు మీద ఫోను అవతలి టవరును పట్టుకుంటే, ఇంట్లో కూర్చున్నట్టే ఉన్నా రోమింగ్ పడేది. ఆ పీడ 2016లో జియో వచ్చాక, ఏడాది తిరిగేలోగా విరగడైంది. ఆ మేలు మరిచిపోను.

ఇంతకంటే నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. బజారులో అత్త వద్దన్న ఫోనునే సర్కారు ఆమెచేత కొనిపించాలని చూస్తోంది. 2021 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్రలో ‘ఈ-పీక్ పాహణి’ వచ్చింది. చేనులో ఏ పంట వేశామో ముందుగా రైతే మొబైల్ యాప్‌లో ఎక్కించాలి, చేనులో నిలబడి ఫొటో తీయాలి. పూర్వం ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ వచ్చి చూసి ‘సాత్‌బారా’ అనే భూమి పత్రంలో రాసుకునేవాడు. అతను సరిగ్గా రాసేవాడని నేననను. ఇంట్లో కూర్చుని రాసిన పాహణీలు నాకూ తెలుసు. కానీ ఆ తప్పు దిద్దడానికి డెబ్బై ఏళ్ల ఆడమనిషిని గుమాస్తాను చేయడమేం న్యాయం? నమోదు లేకపోతే నష్టపరిహారం దగ్గరా, కొనుగోలు కేంద్రం దగ్గరా ఆమె పంటకు రుజువుండదు. గీత దాటితే తెలంగాణలో పంట నమోదు బాధ్యత వ్యవసాయ విస్తరణాధికారిది. ఒకే నేల, ఒకే సోయాబీను. ఇటు రైతు స్మార్ట్ ఫోను వెతుక్కోవాలి, అటు అధికారి చేతిలో ఉంటే చాలు.

మా అత్త గత ఖరీఫ్‌లో పక్కింటి పిల్లవాణ్ణి బతిమాలి చేనుకు తీసుకుపోయింది. వాడు ఫొటో తీస్తే సిగ్నల్ లేదు. మరునాడు మళ్లీ పోయారు. వాడి రెండు పూటల కూలి ఎవరిస్తారు? యాప్ చేసినవాళ్లు ఇవ్వరు, అత్తే ఇచ్చింది.

నేను అడుగుతున్నవి మూడే. ప్రతి రీచార్జి దుకాణంలో మాటల ప్లానును మొదటి వరుసలో, మరాఠీతోపాటు ఇక్కడి తెలుగువాళ్లకు అర్థమయ్యేలా తెలుగులోనూ రాసిపెట్టాలి. నెల అంటే నెలే కావాలి. స్మార్ట్ ఫోను లేని రైతు చేనుకు తలాఠీ నడిచి రావాలి.

అత్తకు చివరికి మీటల ఫోనే కొన్నాం. విడి బ్యాటరీ ఇంకొకటి కావాలని ఆమే అడిగి, కొంగుముడి విప్పి డబ్బిచ్చింది. దుకాణం మెట్ల మీదే హైదరాబాదులో ఉన్న కొడుక్కి కలిపింది. “ఇనబడుతుందారా?” అంది. ఇనబడుతోందన్నాడు వాడు. ఆమె కొన్నది ఆ మాటను.