స్వయం సమృద్ధిలో 'స్వయం' ఎవరు?

పెరటి తోట గురించి తెలుగులో వచ్చే రాతలన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి. గృహిణులు తీరిక వేళల్లో కాస్త శ్రద్ధ పెడితే చాలట. ఇంటిల్లిపాదికీ మందు కొట్టని కూరలు, పిల్లలకి పళ్లు, దేవుడికి పూలు, పైగా ఒంటికి వ్యాయామం, మనసుకి శాంతి. చివర్లో 'స్వయం సమృద్ధి' అనే మాట తప్పకుండా పడుతుంది. పత్రికల మహిళా పేజీలు ఇదే రాశాయి, కరపత్రాలూ ఇదే రాశాయి, ఇప్పుడు యూట్యూబ్ వీడియోలూ ఇదే చెబుతున్నాయి. నాకు ఈ పాటలో రెండు మాటలతో పేచీ ఉంది. ఒకటి 'తీరిక', రెండోది 'స్వయం'.

మాది వత్సవాయి మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ మా నోళ్లలో ఇంకా కృష్ణా జిల్లానే. కృష్ణా జిల్లా అనగానే అందరి కళ్ల ముందూ డెల్టా, కాలువలు, పచ్చటి వరి చేలు కదలాడతాయి. మాది ఆ కృష్ణా కాదు. జగ్గయ్యపేట, నందిగామ, అవతల మధిర - వీటి మధ్యనున్న మెట్ట. సాగర్ ఎడమ కాలువ చిట్టచివరి భూములు, మునేరు మీద పోలంపల్లి ఆనకట్ట కింద కొంత మాగాణి, మిగతాదంతా వాన మీద, బోర్ల మీద. పండించేది పత్తి, మిరప. ఇలాంటి చోట ఎండాకాలంలో ఒక బీరపాదు పచ్చగా ఉందంటే దాని వెనక ఎవరో నీళ్లు మోశారని అర్థం.

ఎవరు మోశారో చెప్పనక్కర్లేదు.

మా అమ్మ పెరడు ఏడు సెంట్లు. తొలకరి పడకముందే పెంటకుప్ప నుంచి ఎరువు గంపలతో మోసి మడుల్లో చల్లాలి. మృగశిర కార్తెలో బీర, సొర, పొట్ల గింజలు పెట్టాలి. కోళ్లు గీరకుండా చుట్టూ కంప వెయ్యాలి. పాదు ఎగబాకే వేళకి పందిరి కావాలి. పందిరి గుంజలు మాత్రం మా నాన్న పాతేవాడు, ఏడాదికి ఒక్క పూట. ఆ ఒక్క పూట గురించి ఏడాది పొడవునా చెప్పేవాడు. పొట్లకాయ వంకర పోకుండా కొసకి చిన్న రాయి కట్టాలి. పుచ్చిన వంకాయలు ఏరి పారెయ్యాలి. బెండకి పేను పడితే పొయ్యి బూడిద చల్లాలి. చిక్కుడు సంక్రాంతికి విరగకాస్తే రోజూ కొయ్యాలి, లేకపోతే ముదిరిపోతుంది. అంట్లు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి పోయేలా కాలువ తీసి, అది పూడిపోయినప్పుడల్లా మళ్లీ తియ్యాలి. విత్తనానికి వదిలిన కాయని ఎవరూ కొయ్యకుండా గుడ్డ పేలిక కట్టి గుర్తు పెట్టాలి. అది ఎండాక గింజలు తీసి, బూడిద కలిపి, డబ్బాలో దాచాలి. ఏ గింజ ఎవరింటి నుంచి ఎప్పుడొచ్చిందో ఆవిడ గడగడా చెబుతుంది. మా చిక్కుడు ఆవిడ పుట్టింటిది. గోంగూర మా పెద్దమ్మ ఇచ్చింది.

ఈ పనంతా తీరిక వేళ జరగలేదు. పత్తి తీతకో మిరప కోతకో వెళ్లడానికి ముందు తెల్లవారుజామున, తిరిగొచ్చాక చీకటి పడే లోపల జరిగింది. మిరప కోసిన రోజు రాత్రి దాకా చేతులు మండుతూనే ఉంటాయి. ఆ చేతులతోనే బిందెలు మోసింది. దీన్ని కాలక్షేపం అని రాసేవాళ్లు ఒక్క ఫిబ్రవరి నెల మా వైపు వచ్చి ఉండాలి.

మగవాళ్లు మొక్కలు పెంచితే దానికి వేరే పేర్లు వస్తాయి. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మేడ మీద తోట పెంచి 'మిద్దెతోట' అని పుస్తకం రాశారు. ఎందరో దాన్ని చూసి మొదలుపెట్టారు, మంచిదే. ఆయన శ్రమని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆ శ్రమకి ఒక పేరు, ఒక పుస్తకం, ఒక గౌరవం వచ్చాయి. వాటిలో ఏదీ మా ఊళ్లలో తరతరాలుగా పాదులు పెడుతున్న ఆడవాళ్లకి ఎందుకు రాలేదని మాత్రమే అడుగుతున్నాను.

మూడేళ్ల కిందట మా మండలంలోనే ఒక ఊళ్లో మహిళా సంఘం సమావేశానికి వెళ్లాను. ఒక అధికారి కూరగాయ విత్తనాల పొట్లాలు పంచుతూ, "సాయంత్రాలు సీరియళ్లు చూస్తూ కూర్చునే బదులు నాలుగు మొక్కలు పెంచుకోండమ్మా" అన్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది మిరప చేలలోంచి నేరుగా వచ్చినవాళ్లు. వాళ్ల చీరల మీది ఘాటుకి ఆయనే మాట మాటకీ తుమ్ముతున్నాడు. అయినా సీరియళ్ల మాట ఆపలేదు.

ఆయనొక్కణ్ణీ అని లాభం లేదు. ఈ దేశపు లెక్కలే అలా ఉన్నాయి. జాతీయ నమూనా సర్వే వాళ్లు ఉపాధి గురించి అడిగేటప్పుడు 'ఇంటి పనులు చేసుకునేవారు' అని 92, 93 అనే సంకేతాలు పెట్టుకున్నారు. ఆ కింద రాసుకున్న స్త్రీలని మళ్లీ ప్రత్యేకంగా అడిగేవారు: పెరటి తోట చూస్తావా? కోళ్లు, పాడి చూస్తావా? పిడకలు చేస్తావా? పుల్లలు ఏరి తెస్తావా? ప్రశ్నలు బాగానే ఉన్నాయి, ఎవరో తెలిసినవాళ్లే తయారు చేసి ఉంటారు. కానీ అన్నిటికీ అవునని చెప్పినా ఆమె సంకేతం మారదు. ఆమె శ్రామిక జనాభాలోకి రాదు. తోట ఉందని ప్రభుత్వానికి తెలుసు, తోటపని ఉందని తెలుసు, తోటపని చేసే మనిషి మాత్రం లేదు!

సొంత వాడకానికి పండించిన పంట కూడా ఉత్పత్తేనని ఐక్యరాజ్యసమితి జాతీయ ఆదాయ లెక్కల పద్ధతి 1993లోనే స్పష్టంగా చెప్పింది. 2019లో, మళ్లీ 2024లో మన దేశంలో కాల వినియోగ సర్వేలు జరిగాయి. 2024 లెక్క ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. ఈ 289 నిమిషాల్లో పెరటి పని కలవలేదు. దాన్ని 'సొంత వాడకానికి వస్తూత్పత్తి' అని వేరే పద్దులో రాస్తారు. అంటే అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువగా ఇంటి పని చేశాక మిగిలేదే ఆ కరపత్రాల్లో రాసే 'తీరిక'.

పండించాక తినడం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లకి నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. మునగాకు, తోటకూర, గోంగూర విరివిగా పెరిగే నేల ఇది. పెరడు ఉంటే రక్తం పడుతుందని చెప్పేవాళ్లు ఆ కూర ఏ వరసలో వడ్డిస్తారో కూడా చెప్పాలి. మా ఇంట్లో ముందు నాన్న, తర్వాత అన్నయ్య, తర్వాత మేము ఆడపిల్లలం, అందరూ లేచాక అమ్మ. లేత బెండకాయల వేపుడు ఆవిడ కంచం దాకా వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. ఆవిడ గిన్నెలో మిగిలిన పులుసుతో కలుపుకునేది, ఆకలి లేదనేది.

పూల సంగతి చెబితే ఇంకా కోపం వస్తుంది. మా నాయనమ్మ పెరట్లో కనకాంబరాలు, మల్లె, బంతి, నందివర్ధనం ఉండేవి. తాతయ్య పోయేనాటికి ఆవిడకి ముప్ఫై నాలుగేళ్లు. తర్వాత నలభై ఏళ్లకి పైగా ఆ మొక్కలకి నీళ్లు పోసింది. సాయంత్రం మొగ్గలు కోసి, దండ కట్టి, మా జడల్లో తురిమేది. మిగిలిన పూలు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేది. తన తలలో ఒక్క పువ్వు కూడా పెట్టుకోకూడదు. ఆ మొక్కకి తనే ప్రాణం పోసింది కదా అని నేను చిన్నప్పుడు అడిగితే, పిచ్చి ప్రశ్నలు వెయ్యకు అంది. మాకు ఇంకో ఆంక్ష. నెలసరి వచ్చిన మూడు రోజులూ తులసి దగ్గరికీ, కరివేపాకు దగ్గరికీ, పూల మొక్కల దగ్గరికీ పోకూడదు, తాకితే మాడిపోతాయని. మిగతా ఇరవై ఏడు రోజులూ అవి బతికింది ఎవరి చేతుల మీదో ఎవరూ అడగరు. మిరప చేలో కూలికి మాత్రం ఈ పట్టింపు లేదు. మూడు రోజులూ కోతకి వెళ్లొచ్చు, ఏ మొక్కా మాడిపోదు. కూలి మనుషులు తక్కువైన రోజుల్లో మైల కూడా తగ్గుతుంది కాబోలు.

ఆలిస్ వాకర్ 1974లో రాసిన వ్యాసంలో, చదువుకీ కళకీ దారి మూసేసిన నల్లజాతి స్త్రీల సృజన ఎక్కడికి పోయిందో వెతుకుతూ తన తల్లి పెంచిన పూలతోట దగ్గరికి వెళ్తుంది. అది చదివినప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది. వాకర్ తల్లి తోటని చూడటానికి ఊరు కాని వాళ్లు కూడా వచ్చేవాళ్లట. మా నాయనమ్మ తోటకి వచ్చినవాళ్లు పూలు కోసుకుపోవడానికే వచ్చారు.

ఇక చెట్లు. కూర పాదు ఆరు నెలల్లో పోతుంది, చెట్టు ముప్ఫై ఏళ్లు ఉంటుంది. అందుకే చెట్టు దగ్గరికి వచ్చేసరికి కాగితం అడ్డం వస్తుంది. అమ్మ పుట్టింట్లో పదేళ్ల వయసులో నాటిన జామచెట్టు, పెళ్లయ్యాక మేనమామ వాటాలోకి పోయింది. అమ్మ పెళ్లి 1974లో. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ అప్పటికే పెళ్లయినవాళ్లని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని కూడా తేల్చింది. చట్టం ఇంత దూరం నడిచి వచ్చేసరికి ఆ జామచెట్టు స్థలంలో డాబా లేచింది.

మెట్టినింట్లో అమ్మ నాటిన నిమ్మ, మునగ, రెండు కొబ్బరి చెట్లు ఇంకా ఉన్నాయి. నాన్న పోయాక భార్యగా ఆవిడకీ కొడుకుతో, కూతుళ్లతో సమానంగా వాటా ఉంది. 1956 చట్టం నుంచీ ఉంది. పెద్దమనుషులు కూర్చుని, "నీకెందుకమ్మా, నువ్వు ఉన్నన్నాళ్లూ తింటూనే ఉంటావుగా" అని హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించారు. అప్పటినుంచీ ఆవిడ కొడుకు స్థలంలో నీళ్లు పోస్తోంది. స్వయం సమృద్ధి అంటారే, ఆ 'స్వయం' పేరున దస్తావేజు ఏది?

ఇన్ని చెప్పినా మాకు ఏడు సెంట్లు ఉన్నాయి. విత్తనాల పొట్లాలు పంచిన రోజున వెనక వరసలోంచి ఒకామె లేచి, "పొట్లం సరే బాబూ, దీన్ని ఎక్కడ పెట్టమంటావు, నెత్తి మీదా?" అంది. అందరూ నవ్వారు. ఆమె దళిత కూలీ. ఆమెకున్నది ఒకటిన్నర సెంటు. 2020 డిసెంబరులో మొదలైన పథకంలో పల్లెల్లో స్త్రీల పేరున ఇచ్చిన ఇంటి స్థలం అంతే, డెబ్బై రెండు గజాల చిల్లర. ఆడవాళ్ల పేరున పట్టా ఇచ్చారు, అందుకు సంతోషమే. ఇల్లు కట్టాక మరుగుదొడ్డికే చోటు వెతుక్కోవాల్సిన స్థలంలో పొట్ల పందిరి ఎక్కడ వేస్తారు? 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు అంటోంది. అది చేతికొస్తే నాలుగు పాదులకి చోటు దొరకొచ్చు. పెరడు అనేదే మన ఊళ్లలో కులం చూసి పంచిన ఆస్తి. అగ్రకులాల ఇళ్లకి దొడ్డి, బావి, పశువుల కొట్టం. పల్లెకి, మాదిగపల్లెకి గోడకి గోడ. ఆ ఆడవాళ్లు ఇతరుల దొడ్లలో కలుపు తీసి, ఓ గుప్పెడు ముదురు కాయలు తెచ్చుకున్నారు. వాళ్లకి స్వయం సమృద్ధి పాఠం చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

ఇంత గొడవ ఎందుకు, పెరడు మానేసి కూర కొనుక్కుంటే సరిపోతుంది కదా అని స్త్రీవాద మిత్రులే కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. 2020 వేసవిలో లాక్‌డౌన్ పెట్టి సంతలు మూసినప్పుడు మా వీధిలో కూర వండుకున్నవాళ్లు పెరడు ఉన్నవాళ్లే. కూర కొనడానికి మొగుడి ముందు చెయ్యి చాపనక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు. ఇంకోటి, మా వైపు ఒకే ఇంట్లో రెండు వ్యవసాయాలు నడుస్తాయి. చేలో మగవాడు మిరపకి వారానికో మందు కొడతాడు. పెరట్లో ఆడమనిషి బూడిద చల్లుతుంది. తను తినేదానికి మందు వద్దని ఆ మగవాడికీ తెలుసు. ఆమె తెలివి మాత్రం కంప దాటి చేలోకి పోకూడదు. ఆ కంప దాటినచోట ఏమవుతుందో చూశాం. ఒకప్పటి ఖమ్మం జిల్లాలోనే పాల్వంచ దగ్గర పునుకుల 2003లో పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. మందులు మానిపించడానికి అక్కడి మహిళా సంఘం పట్టుబట్టింది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు బీడు భూములు బాగుచేశారు, కౌలుకి తీసుకున్నారు, విత్తనం తమ చేతిలోనే ఉంచుకున్నారు. 2019లో ఆ సంస్థకి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు చేసింది పెరటి పనే, నేల పెద్దది, నిర్ణయం వాళ్లది.

కాబట్టి మా మండలంలో ఎవరైనా మళ్లీ పొట్లాలు పట్టుకుని వస్తే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పంచాయతీ బోరు పక్కన ఎవరో ఆక్రమించుకున్న ఆ పోరంబోకులో స్థలం లేని ఆడవాళ్లకి తలా మూడు సెంట్లు, కనీసం అయిదేళ్లకి, కాగితం మీద రాసి ఇస్తారా? కుళాయి నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి కాకుండా కూలి నుంచి వచ్చాక వదులుతారా? సమావేశానికి మొగుళ్లనీ కొడుకులనీ పిలిచి, ఎరువు గంపలు మొయ్యడం, కాలువ పూడిక తియ్యడం వాళ్లకి నేర్పుతారా? వేలిముద్ర వేయించిన పెద్దమనుషులని ఎవరైనా వెనక్కి పిలుస్తారా? ఆ రోజు పొట్లాల్లో వచ్చిన బెండ గింజలు సంకరం, మరుసటి ఏడాదికి విత్తనం కట్టుకోవడానికి పనికిరావు. ఆ సంగతి పంచిన ఆయన చెప్పలేదు. చేతిలోకి నాలుగు గింజలు ఒంపుకుని చూసి మా అమ్మే చెప్పింది.