కౌలు అనగా మాట – బ్యాంకు అడుగునది కాగితము

ఉర్దూ చదువుకొనిన మన సోదరులకు ‘కౌల్’ అను పదము సుపరిచితము. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునకు చేరిన ఈ పదమునకు ‘పలుకు’ అనియు, ‘ఇచ్చిన మాట’ అనియు అర్థము. రైతు, కిస్తు, రసీదు, దస్తావేజు కూడ ఆ దారిన వచ్చినవే. రెండు భాషల ఈ సంచికలో వానిని తలచుకొనుట ఉచితమని మాకు తోచినది. ఏలయన, మన కోనసీమ కౌలుదారుని కష్టమంతయు ఆ ఒక్క పదములోనే ఇమిడియున్నది. అతని వద్ద ఉన్నది మాట. బ్యాంకు అడుగునది కాగితము.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ సీమకు 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన కాలువ నీరు చేరినది. అది మొదలు ఇచ్చటి భూమికి గిరాకి తగ్గినది లేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఎకరము భూమి కేవలము పంట పండించు నేల కాదు. ఆడపిల్ల పెండ్లికి భరోసా, కొడుకు చదువునకు హామీ, ముసలితనమునకు ఊతకఱ్ఱ. కావున బ్రతుకుతెరువునకై హైదరాబాదునకో, గల్ఫు దేశములకో, అమెరికాకో తరలిపోయినవారు సైతము భూమిని అమ్ముకొనరు, కౌలుకిత్తురు. చేలో దిగి సార్వా, దాళ్వా పండించువాడు వేఱొకడు. ఎకరమునకు ఇన్ని బస్తాలని గట్టు మీద నిలబడి మాట అనుకొందురు. సాక్షి లేడు, సంతకము లేదు.

సంతకమునకు ఇంత భయమెందుకు? 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టము సదుద్దేశముతోనే పుట్టినది. కౌలు మొత్తమునకు పరిమితి విధించినది. కౌలు గడువు ఆరేండ్లకు తగ్గరాదన్నది. 1974 నాటి సవరణ ఆ రక్షణను మఱింత బిగించి, యజమాని భూమి అమ్మదలచినచో మొదట కౌలుదారునికే కొను అవకాశమీయవలెనన్నది. అంతకుముందే 1973లో వచ్చిన భూసంస్కరణల చట్టము మాగాణికి తరగతిని బట్టి 10 మొదలు 27 ఎకరముల పరిమితి నిర్ణయించియుండెను. ఈ చట్టములన్నియు కలిసి యజమాని మనస్సులో ఒక్క భయమును నాటినవి: “వ్రాసి యిచ్చితినా, భూమి చేజారినట్లే.” అతడు వ్రాయుట మానుకొనెను. కౌలుదారుని నిలబెట్టుటకు వచ్చిన చట్టము అతని పేరును కాగితము మీద లేకుండ చేసినది.

ఇక అప్పు మాట. 1969లో 14 బ్యాంకులు, 1980లో మఱి 6 బ్యాంకులు జాతీయము చేయబడినవి. మచిలీపట్నమున 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు రెండవ జాబితాలోనిది. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బ్యాంకులు తమ రుణములలో 18 శాతము వ్యవసాయమునకు కేటాయింపవలెనను నియమము కలదు. కాని ఎంత ఈయవలెనో చెప్పిన నియమము, నాగలి పట్టినవాడెవ్వడో తేల్చలేదు. బ్యాంకు అధికారి పట్టాదారు పాసుపుస్తకము చూచును. దాని మీద యజమాని ఇదివరకే పంట రుణము తీసికొనియుండును. ఒకే ఎకరముపై ఒకే పంటకు రెండు అప్పులు కూడవు గనుక కౌలుదారుడు రిక్తహస్తములతో మరలును. ఆ అధికారిని నిందించి ప్రయోజనము లేదు. అతడును నియమమునకు బద్ధుడే.

దీని వెల ఎంతయో లెక్క వేసి చూతము. కౌలుదారుడు సార్వా పెట్టుబడికి 50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడనుకొందము. ఆరు నెలలకు వడ్డీ 6,000 రూపాయలు. అదే సొమ్ము బ్యాంకు పంట రుణమైనచో ఏడు శాతము చొప్పున 1,750 రూపాయలు. గడువులోగా చెల్లించినవానికి కేంద్ర రాయితీతో నాలుగు శాతమే గనుక 1,000 రూపాయలు. తేడా 5,000. సాధారణ రకము ధాన్యమునకు 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాలు ఇంచుమించు మూడు, ఒక్క కాగితము లేని లోపమునకు కట్టిన జరిమానా.

నష్టము అంతటితో ఆగదు. అప్పిచ్చినవాడు తఱచుగా ధాన్యపు వర్తకుడో, ఎరువుల వ్యాపారియో అగును. కళ్లములోని ధాన్యము అతడు చెప్పిన ధరకే పోవును. మద్దతు ధర కాగితములకే పరిమితమగును. తుపాను వచ్చి పంట మునిగినప్పుడు పరిహారము పాసుపుస్తకము వెంట యజమాని యింటికి పోవును. 2008, 2014 నాటి రుణమాఫీలు కూడ బ్యాంకు ఖాతాలో పేరున్నవానికే అందినవి. ఒక్క చోట పడిన ముడి వలన వడ్డీ రాయితీ, మద్దతు ధర, పరిహారము అను మూడు మంచి పనులును దారి తప్పుచున్నవి. సాగు గిట్టనివాడు చేను వదలును. ఆ చేను చేపల చెఱువగును, లేదా ఇండ్ల స్థలములగును.

2011 సార్వాలో మన కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి దేశము దృష్టిని ఆకర్షించిరి. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, పూడిన మురుగు కాలువలు అందులకు కారణములు. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన కమిటీని వేసినది. ఆ యేడే కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చు చట్టమును వచ్చినది. 2019లో దాని స్థానమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చి, 11 నెలల గడువుతో పత్రములీయ నిర్ణయించినది. భూమి హక్కునకు భంగము లేదని యజమానికి అభయమిచ్చుట అందులోని మేలు. కాని ఆ పత్రమునకు యజమాని సంతకము కావలెనన్నది. ఏ సంతకమునకు భయపడి యజమాని అర్ధ శతాబ్దముగా వెనుకాడుచున్నాడో, మందు కూడ ఆ సంతకము మీదనే ఆధారపడినది!

యజమానులందఱును ధనికులని మేము అనుటలేదు. రెండెకరముల భూమి కౌలుకిచ్చి బ్రతుకు వితంతువులు ఊరూర కలరు. వారి భయమును పరిహసింపరాదు, తీర్పవలెను. పశ్చిమ బెంగాలులో 1978లో ‘ఆపరేషన్ బర్గా’ సాగినప్పుడు అధికారులు గ్రామములకు పోయి, సభ తీర్చి, అందఱి యెదుట విచారించి సాగుదారుల పేర్లు నమోదు చేసిరి. సుమారు 14 లక్షల మంది పేర్లు ఆ విధముగా రికార్డులకెక్కినవి. అచ్చట వారికి శాశ్వత సాగు హక్కు లభించినది. మన యెడ అంత దూరము పోనక్కఱలేదు. పద్ధతిని మాత్రము గ్రహించిన చాలును.

మా అభిప్రాయమిది: పంటకు సంబంధించిన పత్రము వేఱు, భూమికి సంబంధించిన పత్రము వేఱు కావలెను. సాగుచేయుచున్నదెవ్వరో గ్రామాధికారియే చేను చూచి, ఇరుగుపొరుగు రైతుల నడిగి నిర్ణయింపవలెను. ఆ పత్రము ఏ న్యాయస్థానమునను భూమి హక్కునకు సాక్ష్యము కాదని చట్టము స్పష్టముగా పలుకవలెను. ఆ యేటి పంట రుణము సాగుదారునికే చెందవలెను. యజమానికి భూమి హామీపై ఇతర రుణములు ఎటులును కలవు.

ఇది శాసనసభ పనియే కదా యని మన విద్యార్థులు ఊరకుండరాదు. మన తరగతులలో కౌలు రైతుల బిడ్డలు ఎందఱో కలరు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ-పంట నమోదులో మీ పొరుగు చేను ఎవరి పేరున ఉన్నదో ఒక్కమారు చూడుడు. దున్నినవాని పేరు లేనిచో, దరఖాస్తు వ్రాసి అతని చేతికిచ్చి, సచివాలయము వఱకు తోడు పొండు. మాట మీద నిలిచిన మనిషికి ఒక కాగితము తోడైనచో మన చదువు ఆ మేరకు సార్థకమగును.