తాళము వేయువారెవరు?

ఏలూరు తివాచీ మగ్గము ముందు గంటసేపు కూర్చున్నవారికి మేము వ్రాయబోవునది క్రొత్త గాదు. ఒకే మగ్గముపై ప్రక్కప్రక్కన కూర్చుండి నేతగాండ్రు ముడులు వేయుదురు. వరుస ఈ కొసనుండి ఆ కొసవఱకు నిండినగాని పేకనూలు త్రోయుటకు వీలు లేదు. చేతివేగము గలవాడు ప్రక్కవానికొఱకు ఆగవలసినదే. 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయిన యేలూరు తివాచీలు ఇట్టి నడకతో పుట్టినవే.

ఇప్పుడు యజమానుల నోట "లీన్" పద్ధతి యను మాట వినబడుచున్నది. దానికి ప్రాణము "టాక్టు". జర్మను భాషలో ఆ మాటకు సంగీతమునందలి తాళగతి యని యర్థము. లెక్క సులభము: పనికి దొరకు కాలమును కొనువారు కోరిన సరకుల సంఖ్యచే భాగింపవలెను. కైకలూరులోనో ఆకివీడులోనో ఒక చేపల షెడ్డు ననుకొందము. విరామము పోగా 450 నిమిషములు. హౌరాకు పోవలసిన ట్రేలు 900. అరనిమిషమున కొక ట్రే. బొచ్చెలను తూచువానికి, ఐసు వేయువానికి, లారీకెక్కించువానికి నదియే తాళము. గిరాకి 600 ట్రేలకు తగ్గిననాడు అది 45 సెకండ్లు కావలెను.

అట్లు మందగించిన తాళము నెవరైన చూచిరా? గిరాకి తగ్గినచో ఇద్దఱిని ఇంటికి పంపి, మిగిలినవారిని వెనుకటి వేగముతోనే తఱుముట మనవారికి తెలిసిన లెక్క. చేప ఆగదు, ఐసు నిలువదు అందురు. నిజమే, కొల్లేటి ప్రక్కనున్న మాకది చెప్పనక్కఱలేదు. కాని తొందర చేపవలన కలుగుచున్నదా, లారీలన్నియు నొక్కమారు వచ్చుటవలన కలుగుచున్నదా? తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో లారీలు బారులు తీరిననాడు హమాలీ వెన్ను విఱుగును, రానినాడు కడుపు మాడును. లారీల రాకను సర్దుట కూలివాని పని కాదు.

సకీచి టయోడా 1924లో సిద్ధపఱచిన మగ్గము నూలు తెగినంతనే తనంతట ఆగెడిది. ఆ బుద్ధినే టయోటా కార్ఖానాకు తెచ్చి, పనివాని తలపై నొక త్రాడు వ్రేలాడగట్టిరి. తప్పు కనబడినను, తాళ మందుకొనలేకపోయినను వాడు దానిని లాగవచ్చును; మేస్త్రీ పరుగున రావలెను; చక్కబడనిచో వరుస యంతయు ఆగవలెను. (అక్కడ నందఱును సుఖముగా నున్నారని మేమనుట లేదు. సతోషి కమాటా యను పాత్రికేయుడు 1972లో ఆ కార్ఖానాలో కూలిగా చేరి, ఆ వేగపు బాధలను 1973లో గ్రంథముగా వ్రాసెను.) మనవారు గడియారమును దిగుమతి చేసికొనిరి, త్రాడును ఓడలోనే మఱచిరి.

చట్టముల పుటలు త్రిప్పుట మా వృత్తి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటల పనిని, 5 గంటలకు మించకుండ విరామమును విధించినది. 2025 జూనులో మన రాష్ట్ర మంత్రివర్గము 9ని 10గను, 5ను 6గను మార్ప నిశ్చయించినది. వారమునకు 48 గంటల మితిని ముట్టలేదని సమాధానము చెప్పిరి. సరే! అరనిమిషపు తాళము నడచుచోట విరామమునకు ముందు 600 ట్రేలకు బదులు 720 నడచును. గంటలనుగూర్చి యింత చర్చ జరిగినదే, ఆ గంటలోని వేగమునుగూర్చి యొక్క మాటయైన లేదేమి? గంట పెంచక వేగము పెంచినను పోవునది ఆ చేతుల బలమే కదా!

శాసనసభ్యులను మేము కోరునది స్వల్పము. ప్రతి ఉదయమున ఆనాటి గిరాకి, పనికాలము, తాళము — ఈ మూడంకెలను పనివారు చదువునట్లు బల్లపై వ్రాయవలెనని విధింపుడు. ఆ బల్లప్రక్కన త్రాడు కట్టింపుడు. దానిని లాగినవాని కూలి కోయరాదని యొక పంక్తి చేర్పుడు.